పంటల, పశువుల పుట్టుకను చదివే జన్యుక్రమ విద్య

జీవి కణంలో ఉన్న డీఎన్‌ఏను ఈ కొస నుంచి ఆ కొస దాకా చదవడమే జన్యుక్రమ నిర్ధారణ. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు కోట్ల సంఖ్యలో వరుసగా పేరిస్తే డీఎన్‌ఏ అవుతుంది. తరం మారినప్పుడల్లా ఈ వరుసలో అక్కడక్కడా ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు పిల్ల తరానికి వెళ్తుంది. అందువల్ల రెండు జీవుల వరుసలను పక్కపక్కన ఉంచి తేడాలు లెక్కిస్తే వాటి చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుస్తుంది. మార్పులు ఎంత వేగంగా జరుగుతాయో తెలిస్తే, అవి ఎప్పుడు విడిపోయాయో అంచనా వేయవచ్చు. ఒకే పంటకు చెందిన వందల రకాలను ఇలా పోలిస్తే, ఆ పంటలో ఎంత వైవిధ్యం మిగిలి ఉందో, అది ఎక్కడ దాగి ఉందో బయటపడుతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలో ఎర్ర చెలకల మీద పండే పంటలు ఈ శాస్త్రానికి చక్కని ఉదాహరణలు. ఈ ప్రాంతంలో వానాకాలం కంది, ఆముదం, జొన్న వేస్తారు. యాసంగిలో పల్లి సాగవుతుంది. ఈ మండలంలోని పాలెంలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. క్రాంతి, కిరణ్, హరిత వంటి ఆముదం రకాలు, పీఆర్‌జీ వరుసలోని కంది రకాలు అక్కడే రూపొందాయి. వాటిని ఎంపిక చేసిన పద్ధతి పాతది, నమ్మదగినది. వేర్వేరు మొక్కలను సంకరపరిచి, వాటి సంతానాన్ని ఏళ్ల తరబడి పొలంలో పరీక్షించి, నిలిచిన వాటిని ఏరుతారు. ఆ ఎంపికకు లోబడే వైవిధ్యం ఎక్కడి నుంచి వచ్చింది, ఇంకెంత మిగిలింది అన్న ప్రశ్నలకు జన్యుక్రమం జవాబు ఇస్తుంది.

చదివే తీరు

ముందుగా ఒక మొక్కను ఎంచుకోవాలి. తరాలుగా తనలో తానే పరాగ సంపర్కం జరుపుకొని స్థిరపడిన రకమైతే పని తేలిక, ఎందుకంటే తల్లి వైపు నుంచి వచ్చిన వరుస, తండ్రి వైపు నుంచి వచ్చిన వరుస అందులో దాదాపు ఒకటే. లేత ఆకును నూరి డీఎన్‌ఏను వేరు చేస్తారు. పశువులైతే రక్తం సరిపోతుంది. పట్టుకోవడానికి వీల్లేని అడవి జంతువులకు రాలిన వెంట్రుకలు, పెంటికలు ఆధారం.

1977లో ఫ్రెడరిక్ సాంగర్ రూపొందించిన పద్ధతి ఒక్క విడతలో వెయ్యి అక్షరాల లోపే చదవగలిగేది. 2005 తర్వాత వచ్చిన యంత్రాలు నూరు, నూట యాభై అక్షరాల చిన్న ముక్కలను కోట్ల సంఖ్యలో ఏకకాలంలో చదివి ఖర్చును బాగా తగ్గించాయి. ఇటీవలి యంత్రాలు వేల అక్షరాల పొడవైన ముక్కలను ఏకబిగిన చదువుతాయి.

చదవడం కంటే కష్టమైన పని కూర్పు. ఒక ముక్క చివర ఉన్న వరుస మరో ముక్క మొదట కనిపిస్తే ఆ రెండూ పక్కపక్కవని కంప్యూటర్ గుర్తించి జోడిస్తుంది. మొక్కల డీఎన్‌ఏలో ఒకే వరుస వేల సార్లు పునరావృతం అవుతుంది కాబట్టి చిన్న ముక్కలతో పని చేసినప్పుడు ఏది ఎక్కడిదో తేలక ఖాళీలు మిగులుతాయి. పొడవైన ముక్కలు ఆ పునరావృత భాగాలను దాటుకుని పోతాయి. కణంలో మడత పడి ఉన్న డీఎన్‌ఏలో ఏ భాగం ఏ భాగాన్ని తాకుతోందో చూపే పద్ధతి తోడైతే, ముక్కలు క్రోమోజోముల వారీగా వరుసలో కూర్చుంటాయి. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా జన్యువులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో గుర్తిస్తారు.

ఇలా సిద్ధమైన తొలి వరుస ఆ జాతికి కొలబద్ద. దాని మీద వందల ఇతర రకాల వరుసలను పరిచి తేడాలు పట్టడమే పునఃక్రమ నిర్ధారణ. పరిణామం గురించి, వైవిధ్యం గురించి మనకు తెలిసిన విషయాల్లో చాలా భాగం ఈ రెండో దశలోనే తేలింది.

కంది: మన నేల మీద పుట్టిన పంట

కంది జన్యుక్రమం చదివే పనిలో ముందు నిలిచింది హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 2011 చివర్లో తొలి ముసాయిదాను ప్రకటించింది. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకునే ఆశ రకాన్ని అందుకు ఎంచుకున్నారు. అదే ఏడాది భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తల బృందం కూడా ఆశ రకం మీదే మరో ముసాయిదాను వెలువరించింది. కందికి 11 జతల క్రోమోజోములు, సుమారు 83 కోట్ల అక్షరాలు ఉన్నాయి. ఇక్రిశాట్ బృందం వాటిలో 60 కోట్లకు పైగా అక్షరాలను కూర్చి, 48,680 జన్యువులను గుర్తించింది. కందికి దగ్గరి చుట్టమైన సోయాబీన్‌లో తర్వాతి కాలంలో జన్యుక్రమం మొత్తం రెట్టింపైంది. కందిలో అలా జరగలేదని ఈ పోలికలోనే తేలింది.

2017లో 292 కంది రకాలను పునఃక్రమ నిర్ధారణ చేశారు. వాటిలో రైతుల నాటు రకాలు, మెరుగైన రకాలు, అడవి బంధువులు ఉన్నాయి. తూర్పు కనుమల్లో, మధ్య భారతంలో పెరిగే అడవి కంది కజానస్ కజానిఫోలియస్ నుంచి సాగు కంది వచ్చిందన్న అభిప్రాయానికి బలం చేకూరింది. మధ్య భారతంలో సాగులోకి వచ్చిన పంట ఆఫ్రికాకు, అక్కడి నుంచి అమెరికా ఖండానికి చేరిన దారి కూడా కనబడింది. అడవి మొక్కలతో పోలిస్తే నాటు రకాల్లో, నాటు రకాలతో పోలిస్తే మెరుగైన రకాల్లో వైవిధ్యం మెట్టు మెట్టుగా తగ్గింది. కొన్ని జన్యువుల చుట్టూ అన్ని సాగు రకాల్లోనూ ఒకే వరుస ఉంటుంది. మనిషి తనకు కావలసిన గుణం కోసం ఆ చోట గట్టిగా ఏరుకున్నాడనడానికి అది గుర్తు.

అడవి కంది విలువ చరిత్రతో ఆగిపోదు. హైబ్రిడ్ కందికి మూలమైన మగ వంధ్యత్వం, అంటే పనిచేసే పుప్పొడి లేకపోవడం, ఈ కజానిఫోలియస్ కణద్రవ్యం నుంచే వచ్చింది. దాని ఆధారంగా ఇక్రిశాట్ తయారుచేసిన ఐసీపీహెచ్ 2740 హైబ్రిడ్ తెలంగాణలో మన్నెంకొండ కంది పేరుతో విడుదలైంది. వంధ్య రకం, దాన్ని నిలబెట్టే రకం, హైబ్రిడ్, అడవి జాతి, ఈ నాలుగింటి కణద్రవ్యంలో ఉండే మైటోకాండ్రియా జన్యుక్రమాలను 2013లో చదివి పోల్చారు. వంధ్యత్వానికి కారణమయ్యే మార్పులను వెతికే దారి అలా తెరుచుకుంది.

ఆముదం: ఆఫ్రికా నుంచి వచ్చిన చుట్టం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా తెలంగాణలో ఆముదానికి పెట్టింది పేరు. పత్తి విస్తరించాక విస్తీర్ణం తగ్గినా, పాలెంలో ఈ పంటపై జరిగిన కృషి విలువ తగ్గలేదు. ఆముదం జన్యుక్రమాన్ని 2010లో హేల్ అనే రకం ఆధారంగా ప్రకటించారు. 10 జతల క్రోమోజోములు, దాదాపు 35 కోట్ల అక్షరాలు, 31 వేలకు పైగా జన్యువులు ఉన్నట్టు అంచనా వేశారు. గింజను విషపూరితం చేసే రిసిన్ ప్రోటీన్ వెనుక ఒకే జన్యువు కాక, సుమారు 28 జన్యువుల కుటుంబం ఉందని అప్పుడే తేలింది.

ఆముదం చేనులో నిలబడి చూస్తే వైవిధ్యం బాగా ఉన్నట్టే ఉంటుంది. కాండం ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. కొన్ని మొక్కల మీద తెల్లని మైనపు పూత ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కాయకు ముళ్లు ఉన్నవీ, లేనివీ ఉన్నాయి. కానీ ప్రపంచ వ్యాప్తంగా సేకరించిన రకాల డీఎన్‌ఏను పోలిస్తే తేడాలు చాలా తక్కువ. కంటికి కనిపించే గుణాలు కొన్ని జన్యువుల పనే, మిగతా వరుస అన్నింటిలో దాదాపు ఒకే తీరు. తెగుళ్లకు తట్టుకునే కొత్త మూలాలు దొరకక ఆముదం పరిశోధకులు పడే కష్టానికి ఒక కారణం ఇది.

దీనికి వివరణ 2021లో వచ్చింది. 505 ఆముదం మొక్కల జన్యుక్రమాలను చదివిన పరిశోధకులు, తూర్పు ఆఫ్రికాలోని ఆముదాలే ఈ పంటకు అసలైన అడవి పూర్వీకులని, సుమారు 3,200 ఏళ్ల కిందట అది సాగులోకి వచ్చిందని తేల్చారు. కొద్ది మొక్కల సంతానమే లోకమంతా పాకింది. ఎక్కువ వైవిధ్యం ఇథియోపియా, కెన్యా అడవి మొక్కల్లోనే ఉండిపోయింది. మన చెలకల్లోని ఆముదానికి కావలసిన కొత్త గుణాలను ఎక్కడ వెతకాలో ఈ అధ్యయనం చూపించింది.

పల్లి: రెండు జాతుల కలయిక

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల యాసంగి పంట పల్లి పుట్టింది దక్షిణ అమెరికాలో. దానికి 40 క్రోమోజోములు. అడవి బంధువుల్లో చాలావాటికి 20 మాత్రమే. 2016లో అరాకిస్ డ్యురనెన్సిస్, అరాకిస్ ఇపయెన్సిస్ అనే రెండు అడవి జాతుల జన్యుక్రమాలు వెలువడ్డాయి. ఇపయెన్సిస్ వరుసకు, పల్లిలో సగభాగానికి మధ్య పోలిక 99.96 శాతం. పదివేల ఏళ్ల లోపే ఈ రెండు జాతులు సంకరమై, క్రోమోజోములు రెట్టింపై పల్లి పుట్టిందని అర్థమైంది. ఇపయెన్సిస్ అసలు నివాసం డ్యురనెన్సిస్ పెరిగే చోటికి దూరం కాబట్టి, దాన్ని ఆనాటి మనుషులే వెంట తీసుకెళ్లి ఉంటారని పరిశోధకులు భావించారు. 2019లో సాగు పల్లి పూర్తి జన్యుక్రమం కూడా వచ్చింది.

క్రోమోజోములు రెట్టింపైన పల్లి అడవి బంధువులతో సులువుగా సంకరం కాదు. అందుకే అందులో వైవిధ్యం ఇరుకైంది. శ్రమపడి జరిపిన కొద్ది సంకరాలు మాత్రం గొప్ప ఫలితం ఇచ్చాయి. 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో బొలీవియా అడవి జాతి అరాకిస్ కార్డెనాసీతో చేసిన సంకర సంతానం ఇక్రిశాట్‌కు చేరి, అక్కడి నుంచి ఎన్నో దేశాలకు వెళ్లింది. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే అనేక రకాల్లో ఆ అడవి జాతి క్రోమోజోమ్ ముక్కలు ఉన్నాయని 2021లో జన్యుక్రమం సాయంతో రుజువు చేశారు.

నూనె నాణ్యతకూ ఈ జ్ఞానం అక్కరకొచ్చింది. ఓలిక్ ఆమ్లాన్ని లినోలిక్‌గా మార్చే జన్యువు పల్లిలో రెండు ప్రతులుగా ఉంది, ఒక్కో పూర్వ జాతి నుంచి ఒక్కటి. రెండూ పనిచేయకపోతేనే నూనెలో ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా పెరుగుతుంది, గింజ త్వరగా ముక్కిన వాసన పట్టదు. ఆ రెండు మార్పులనూ డీఎన్‌ఏ గుర్తులతో పట్టి గిర్నార్-4, గిర్నార్-5 రకాలను రూపొందించారు.

పశువులు, పులులు

నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతంలో పెరిగే పొడ తూర్పు పశువులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. మూపురం గల మన పశువులకు, యూరప్ ఆవులకు పూర్వీకులు లక్షల ఏళ్ల కిందటే వేరయ్యారని, రెండింటినీ మనుషులు వేర్వేరు చోట్ల మచ్చిక చేసుకున్నారని డీఎన్‌ఏ చెబుతోంది. 2009లో చదివిన తొలి ఆవు జన్యుక్రమం మాత్రం హియర్‌ఫోర్డ్ జాతిది. ఆ ఒక్కదానితోనే కొలిస్తే మన జాతులకే ప్రత్యేకమైన భాగాలు లెక్కలోకి రావు. అందుకే దేశీ జాతులకు సొంత కొలబద్దలు అవసరం.

గొల్ల కురుమలు మేపే దక్కనీ గొర్రె సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. సుందరవనాల గారోల్ గొర్రెల్లో ఒక జన్యువులోని ఒక్క అక్షరం మార్పు కవలలకు కారణమవుతుందని 2001 ప్రాంతంలో స్పష్టమైంది. మహారాష్ట్రలోని ఫల్టణ్ పరిశోధకులు ఆ మార్పును దక్కనీ మందలోకి తెచ్చి, ఎక్కువ పిల్లలనిచ్చే గొర్రెలను రూపొందించారు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి చోట ఈ విద్య సంరక్షణకు సాధనం. పులి జన్యుక్రమం 2013లో వెలువడింది. 65 పులుల జన్యుక్రమాలను పోల్చిన 2021 నాటి అధ్యయనం, ప్రపంచ పులుల్లో భారత పులులకే వైవిధ్యం ఎక్కువని, రణథంబోర్ వంటి విడిపడిన అడవుల్లో మాత్రం దగ్గరి రక్తం కలిసి వైవిధ్యం క్షీణిస్తోందని చూపింది. అడవిని అడవితో కలిపే దారులు తెగకూడదనడానికి ఇది బలమైన ఆధారం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ప్రయోగశాల మాంసం ముక్క, చర్మపు ముక్క నుంచి కూడా జంతువు జాతిని గుర్తించి వేట కేసుల్లో సాక్ష్యం అందిస్తోంది.

విలువ, హద్దులు

ఒక్క మొక్క జన్యుక్రమం ఆ జాతి మొత్తానికి ప్రతినిధి కాదు. ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో 3,366 శనగ జన్యుక్రమాలను చదివినప్పుడు, తొలి కొలబద్దలో లేని 1,582 జన్యువులు బయటపడ్డాయి. దిగుబడి, కరువును తట్టుకోవడం వంటి గుణాలను చాలా జన్యువులు కలిసి, నేలతో, వానతో కలిసి నిర్ణయిస్తాయి. కాబట్టి అక్షరాల వరుసను పొలంలోని కొలతలతో జత చేయకపోతే అది ఏ గుణాన్నీ వివరించదు. పాలెం వంటి పరిశోధన స్థానాల్లో వానలు తప్పిన ఏడాది ఏ మొక్క నిలిచిందో రాసిపెట్టిన లెక్కలు ప్రయోగశాల సమాచారమంత విలువైనవి.

చదివిన వరుస కంప్యూటర్లో భద్రంగా ఉండవచ్చు, కానీ దాన్ని మొలకెత్తించలేం. సంకరానికి విత్తనం కావాలి, మంద కావాలి, అడవి కావాలి. ఇక్రిశాట్ విత్తన నిధిలో లక్షకు పైగా నమూనాలు ఉన్నాయి. నాటు రకాలను కాపాడిన రైతులకు గుర్తింపు, ప్రతిఫలం ఇవ్వాలని 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం చెబుతోంది. కంది, ఆముదం, పల్లి చరిత్రలు ఒక్క మాటే చెబుతున్నాయి: రేపటి పంటకు కావలసిన గుణాలు ఎక్కువగా అడవి బంధువుల్లో, నాటు రకాల్లో ఉన్నాయి. ఆ మొక్కలు, ఆ పశువులు బతికి ఉన్నంత కాలమే వాటి జన్యుక్రమం రైతుకు పనికొస్తుంది.