వరి అడిగితే గోదావరి

1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, 1986 వరద, లాకులు, లంకలు, పడవల రేవులు... గోదావరి డెల్టా గురించి చదివిందీ విన్నదీ కొన్నేళ్లుగా ఒకే ఒక్క ఫైల్లో దాస్తున్నాను. అది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలు. దానికి సర్వర్ అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ 2006 నుంచి పైథాన్ భాషతో పాటే వస్తోంది, రెండు లైన్లు రాస్తే తెరుచుకుంటుంది. వరదల్లో నెట్ పోయినా దాని పనికి అడ్డు లేదు. రిచర్డ్ హిప్ 2000లో దీన్ని రాసిందీ అందుకే: అమెరికా యుద్ధనౌక కోసం చేస్తున్న ప్రోగ్రాం, డేటాబేస్ సర్వర్ మొరాయించినప్పుడల్లా ఆగిపోయేదట. మొదట్లో టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషకు తోడుగా పుట్టింది. ఇప్పుడు మన జేబులోని ఫోన్లలోనూ ఉంది.

ఇంత మంచి పనిముట్టుకూ మన గుణింతం నేర్పాల్సిందే. పాఠంలో మాటలు వెతకడానికి ఇందులో ఎఫ్‌టీఎస్5 అనే భాగం ఉంది. దాన్ని "వరి" అని అడిగి చూడండి. పంట ఊసే లేని నోట్లు కుప్పలుగా వస్తాయి. గోదావరి పేరున్నవన్నీ వస్తాయి, ధవళేశ్వరం ఉన్నవీ వస్తాయి. మామూలుగా అది అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగమనుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో వేరే తరగతులు. అవి కనిపించిన చోటల్లా మాటను తెంచేస్తుంది. గోదావరి కాస్తా "గ", "ద", "వర" అయిపోతుంది. వరి కూడా "వర"యే. లంక, లాకు రెండూ "ల", "క". లంకకీ లాకుకీ తేడా తెలియని వెతుకులాట డెల్టాకి ఏం పనికొస్తుంది?

మందు మాత్రం ఒక్క లైనే. టేబుల్ తయారుచేసేటప్పుడే ఆ గుర్తులుండే ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే తరగతులనూ మాటలో కలుపుకోమని, పాఠాన్ని మాటలుగా విడగొట్టే టోకెనైజర్‌కి చెప్పాలి. పాత టేబులైతే మళ్లీ కట్టుకోవాలి. తెలుగు పాఠంతో పనిచేసే పిల్లలకు పైథాన్ నేర్పేవాళ్లు ఈ లైను మొదటి వారంలోనే చెప్పాలని నా పట్టు. ఆ తర్వాత "లంక" పక్కన నక్షత్రం గుర్తు పెడితే లంకలో, లంకకు, లంకలు అన్నీ దొరుకుతాయి.

ఊరు ఊళ్లయితే, నీరు నీళ్లయితే నక్షత్రానికి అందవు. పైగా మనం గోదావరిని గోదారి అంటాం, కాలువను కాలవ అంటాం. అలాంటి జతలన్నీ ఇంకో చిన్న టేబుల్లో పెట్టాను. వెతికే ముందు పైథాన్ అందులో చూసి రెండు రూపాలనూ కలిపి అడుగుతుంది. ఈ జతలు ఎవరో తయారుచేసి ఇచ్చేవి కావు. పడవ నడిపినవాళ్లూ, లాకుల దగ్గర పనిచేసినవాళ్లూ ఏ మాట ఎలా అంటారో విని మనమే రాసుకోవాలి. ఈ వారం అందులో ఏటిగట్టు పక్కన గోదారిగట్టు చేరింది.