చివరి బండి వచ్చేదాకా

మా మోటార్‌సైకిల్ గుంపులో అందరికన్నా బాగా బండి నడిపే మనిషి ఎప్పుడూ అందరికన్నా వెనక ఉంటాడు. బల్లార్‌పూర్ బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన, తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం. చంద్రపూర్‌లో అంచలేశ్వర్ గేటు దగ్గర తెల్లవారుజామున అయిదున్నరకు మేం కలుసుకున్నప్పుడు ఆయన ముందుగా చూసేది బండ్లను కాదు, మొహాలను. రాత్రి సరిగ్గా నిద్ర పోనివాణ్ని ఇంటికి పంపేస్తాడు. "తమ్మీ, కొండలు ఎక్కడికీ పోవు, వచ్చేవారం పోదాం" అంటాడు. కొత్తవాళ్లు నొచ్చుకుంటారు. రెండోసారి వచ్చినప్పుడు వాళ్లే త్వరగా పడుకుని వస్తారు.

పొద్దున బయల్దేరి, కొండలూ చెరువులూ చుట్టి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరడం ఈ ప్రయాణం పద్ధతి. ఇలాంటి ఒకరోజు బండి ప్రయాణాలకు పేరు మోసిన దేశం జర్మనీ. ఐఫెల్ కొండల్లో, బ్లాక్ ఫారెస్ట్ మలుపుల్లో, ఎడర్ జలాశయం చుట్టూ ఆదివారాలు బండ్లు బారులు తీరతాయి. మోటార్‌సైకిల్ పుట్టిందీ అక్కడే. 1885లో డైమ్లర్, మైబాహ్ కలిసి చెక్క చట్రానికి అర గుర్రపుశక్తి ఇంజిన్ బిగించారు. మన దగ్గర 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలైంది. అయినా మా ప్రాంతంలో మామూలు జీతగాడిని బండి ఎక్కించినవి 1985లో హీరో హోండా తెచ్చిన బండి లాంటి 100 సీసీ బండ్లు. గనికి, పేపరుమిల్లుకు, చేనుకు వెళ్లే ఆ బండి మీదే మా పెద్దాయన ఇప్పటికీ కొండలెక్కుతాడు. ఈ ప్రయాణానికి ఖరీదైన బండి కావాలనుకునేవాళ్లకు నేను ఆయన్నే చూపిస్తాను.

చంద్రపూర్ అనగానే అందరూ తాడోబా వైపు చూస్తారు. 1955లో జాతీయ ఉద్యానవనమైంది, మహారాష్ట్రలో అన్నిటికన్నా పాతది. కానీ పులుల అడవి లోపలికి మోటార్‌సైకిల్‌ను రానివ్వరు, అది న్యాయమే కూడా. ఊరి పక్కనున్న థర్మల్ స్టేషన్ ఆవరణలోనే పులులు తిరిగే జిల్లా ఇది. అందుకే మా చూపు ఎప్పుడూ దక్షిణానికి, మాణిక్‌గఢ్ కొండల వైపు. రాజురా, గడ్‌చాందూర్ దాటి జీవతి కొండలెక్కి, అక్కణ్నించి తెలంగాణలో కెరమెరికి దిగి, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా మళ్లీ రాజురా చేరే చుట్టు దారి మాది.

బయల్దేరే ముందు పది నిమిషాలు బండికి ఇవ్వాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, నాలుగు కిలోమీటర్లు నడిచి వేడెక్కాక చూస్తే లెక్క తప్పుతుంది. చైను మధ్యలో వేలితో ఎత్తి చూస్తే సుమారు అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే గతుకుల్లో బేరింగులు పాడవుతాయి, వదులైతే చైనే ఊడుతుంది. ఇవి పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో లేనిది మా రోడ్డు. బల్లార్‌పూర్ దాకా బొగ్గు లారీలు, గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు లారీలు. ఆ బొగ్గు నుసి, సున్నపురాయి పొడి తారు మీద పలచగా పరుచుకుని ఉంటాయి. ఎండలో ఫరవాలేదు. ఏడాదిలో మొదటి జల్లు పడినప్పుడు ఆ పొడి పేస్టులా మారుతుంది. గంట సేపు కుండపోత కురిసిన రోడ్డు కన్నా పది నిమిషాలు చినికిన రోడ్డు ప్రమాదం. ఆ పొడి కొట్టుకుపోయేదాకా బండి పక్కకు తీసి నిలబడటమే పద్ధతి.

బల్లార్‌పూర్ దాటగానే వర్ధా నది. వానాకాలంలో వరద పెరిగితే ఇక్కడి వంతెన మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోతాయి, మా ప్రయాణాలూ ఆగిపోతాయి. శీతాకాలంలో మంచులో నది మీదుగా వెళ్తుంటే ముందున్న బండి ఎర్ర లైటు ఒక్కటే కనిపిస్తుంది. అలాంటప్పుడు వరుస ఎంత ముఖ్యమో తెలుస్తుంది. తిన్నని రోడ్డు మీద ఒక బండి కుడివైపు నడిస్తే దాని వెనకది ఎడమవైపు, ఆ వెనకది మళ్లీ కుడివైపు. ఎవరికైనా తన వైపే సూటిగా ముందున్న బండికీ తనకూ రెండు సెకన్ల ఎడం. ముందు బండి ఒక మైలురాయి దాటాక మనసులో రెండు లెక్కపెట్టేలోపు మనం దాన్ని దాటితే దగ్గరైనట్టు. ఈ అమరికలో అందరికీ ఎదుటి రోడ్డు కనిపిస్తుంది, బ్రేకు వేస్తే పక్కన ఖాళీ ఉంటుంది. మలుపులు రాగానే మాత్రం ఒకరి వెనక ఒకరు.

రాజురాలో టీ. టీ కొట్టు దగ్గర తెలుగు, మరాఠీ, హిందీ ఒకే వాక్యంలో వినిపిస్తాయి, అందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. ఈ తాలూకా నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలోది. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసి, 1959లో చాందా జిల్లాకు వచ్చింది. రికార్డులు మారాయి, చుట్టరికాలు మారలేదు.

గడ్‌చాందూర్ సిమెంటు పొగగొట్టాలు దాటి కాస్త లోపలికి వెళ్తే అమల్‌నాలా జలాశయం. కొండల నడుమ ఆపిన నీళ్లు, అటు ఒడ్డున టేకు చెట్లు. మేం ఇక్కడ అరగంట కూర్చుంటాం. ఇళ్లనుంచి తెచ్చిన జొన్నరొట్టె, ఠేచా పచ్చడి విప్పుతాం. సిమెంటు ఊరికి ఇంత దగ్గర్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని, బండి ఇంజిన్ ఆపేదాకా నాకు ఎప్పుడూ నమ్మకం కుదరదు.

ఆ తర్వాతే అసలు విద్య. మాణిక్‌గఢ్ కోట పక్కగా జీవతికి ఎక్కే దారి మలుపుల దారి. మలుపులో బ్రేకు వేయకూడదు. వేయాల్సిందంతా మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే వేసి, గేరు దించి, లోపలికి వెళ్లాక రేజ్ నిలకడగా పట్టుకోవాలి. ఎందుకంటే టైరు నేలను తాకేది అరచేయంత మేర మాత్రమే. ఆ అరచేయి పట్టు వంగడానికే కావాలి, ఆపడానికి కూడా అడిగితే రెండూ ఇవ్వలేదు. ఇంకో సంగతి, వినగానే తలకిందులుగా అనిపించేది. నడుస్తున్న బండిని ఎడమకు వంచాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి. బండి నడిపేవాళ్లందరూ తెలియకుండా చేసే పనే ఇది. తెలిసి చేసినవాడు మాత్రం, మలుపు అనుకున్నదానికన్నా ముడుచుకున్నప్పుడు బెదిరిపోడు.

చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. గుంతను చూస్తే గుంతలోకి, లారీని చూస్తే లారీ మీదికి. మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ చూడాలి. నేను ఇది దెబ్బతినే నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒక కుడి మలుపులో చక్రం నా సగంలోనే ఉందని ధీమాగా ఉన్నాను. ఒంగినప్పుడు తల, భుజం తెల్లగీత అవతలకు వెళ్లాయని ఎదురుగా బస్సు వచ్చేదాకా తెలియలేదు. తప్పించుకునే తొందరలో మట్టి అంచు మీదికి దిగి జారిపడ్డాను. మోకాలు చీరుకుపోయింది, మడమ బెణికింది. వెనక బండి మీద పెద్దాయన వచ్చాడు. ఒక్క మాటా అనలేదు. ముందు రోడ్డు మీద రెండు రాళ్లు పెట్టి వచ్చే బండ్లను నెమ్మది చేయించి, తర్వాత నా దగ్గరకు వచ్చాడు. ఆ వరుస నాకు ఇప్పటికీ గుర్తు. మన రోడ్ల మీద కుడి మలుపులో చక్రం ఎడమ అంచుకు దగ్గరగా ఉండాలని ఆ రోజు నుంచి కొత్తవాళ్లకు నేనే చెబుతున్నాను.

జీవతి కొండల మీద చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. అందుకే పాత పద్ధతి ఒకటి మాకు ప్రాణం. దారి చీలిన చోటల్లా ముందు బండి వెంటనే ఉన్న రెండో బండి ఆగిపోతుంది. అందరికీ దారి చూపించి, చివరి బండి కనపడ్డాక దాని ముందు చేరుతుంది. మరో చీలిక దగ్గర ఇంకొకరి వంతు. ఇలా ఒక్కొక్కరూ ముందునుంచి వెనక్కి వస్తూ, రోజు ముగిసేలోపు అందరూ అందరితో కలిసి నడుస్తారు. ఎవరూ ఎవరినీ తరమక్కర్లేదు. వేగం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా వచ్చేవాడిదే.

ఈ కొండల మీదే సరిహద్దు ఊళ్లు, పరండోళి, అంతాపూర్, ముకద్దంగూడ లాంటివి. రెండు రాష్ట్రాలూ మావేనని చెప్పుకున్న ఊళ్లు. చాలా ఇళ్లలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఇక్కడివాళ్లలో చాలామంది కరువు కాలంలో మరాఠ్వాడా నుంచి వచ్చిన కుటుంబాలు. మరాఠీ బడి, తెలుగు బడి రెండూ కనిపిస్తాయి. కారులో అద్దాలు మూసుకుని వెళ్తే సరిహద్దంటే బోర్డుల మీది అక్షరాల మార్పే. బండి మీద వెళ్తే దారి అడగాలి, ఆగాలి, నీళ్లు అడగాలి. నాకు ఇక్కడ రెండు భాషల్లోనూ కుర్చీ వేశారు.

కెరమెరి మండలం చేరాక మేం తప్పక ఆగేది జోడేఘాట్‌లో. 1940లో గోండు నాయకుడు కుమురం భీం నిజాం మీద పోరాడుతూ నేలకొరిగిన చోటు. స్మారకం దగ్గర బండ్లు దూరంగానే ఆపి నడిచి వెళ్తాం. ఆ పోరాటం తర్వాత గోండుల బాధలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పంపగా వచ్చినవాడు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, జర్మన్ మాతృభాషగా గల ఆస్ట్రియా మనిషి. ఇక్కడికి దగ్గర్లోని మార్లవాయిలో గుడిసెలో కాపురం పెట్టాడు. 1987లో కన్నుమూసిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. యూరప్ కొండలు చూసిన మనుషులు ఈ కొండలను సొంతం అనుకున్నారంటే, పక్కనే ఉండి చూడని మనం కొంచెం ఆలోచించాలి.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. వేగాన్ని పట్టి ఉంచే పని ఇంజినే చేస్తుంది, బ్రేకు సాయం చేస్తుంది. డ్రమ్ బ్రేకు బండ్లలో అదేపనిగా నొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది. ఆసిఫాబాద్ నుంచి తిరుగుదారి వెడల్పైన రహదారి, ప్రమాదాలు ఎక్కువ జరిగేది అలాంటి చోటే. ఒళ్లు అలసి ఉంటుంది, రోడ్డు తేలిగ్గా ఉంటుంది, సాయంత్రం పశువులు ఇళ్లకు మళ్లుతుంటాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలు. అందుకే వాంకిడిలో దాహం లేకపోయినా ఆగుతాం.

వేసవిలో వెళ్లం. మేలో ఇక్కడ 47 డిగ్రీలు దాటిన రోజులూ చూశాం. గాలి ఒంటి వేడిని మించితే, చొక్కా గుండీలు విప్పి ఎంత వేగంగా పోయినా చల్లబడదు, ఇంకా కాలుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

మీరు హైదరాబాద్ నుంచో మంచిర్యాల నుంచో రావాలనుకుంటే రండి. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోండి. నిండు చేతుల చొక్కా, బూట్లు, ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ ఉండాలి. సైలెన్సర్ మార్పించి చప్పుడు పెంచిన బండి మాత్రం తేవద్దు. ఆ కొండ ఊళ్లలో పసిపిల్లలు నిద్రపోతుంటారు, ఆ అడవుల్లో జంతువులు పిల్లలతో ఉంటాయి. అంచలేశ్వర్ గేటు దగ్గర అయిదున్నరకు ఉంటాం.