రెండు వందల అడుగుల ఆకాశం

శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటాక, 12 కిలోమీటర్ల లోపు ఉన్న బయలు నేలల్లో రేడియో కంట్రోల్ విమానం ఎగరేసేవాళ్లకు అనుమతి అడగకుండా దొరికే ఆకాశం ఎత్తు 200 అడుగులు. ముచ్చింతల్‌లోని రామానుజాచార్యుల విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగులు. ఆ విగ్రహమంత ఎత్తు కూడా లేని చోట లూప్ తిప్పాలి, రోల్ కొట్టాలి, తలకిందులుగా నడిపించి మళ్లీ క్షేమంగా దించాలి. 12 కిలోమీటర్లు దాటితే 400 అడుగుల దాకా వెళ్లొచ్చు. 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా చక్రం కూడా లేపకూడదు. అది ప్రయాణికుల విమానాలు దిగే దారి, అక్కడ బేరానికి తావు లేదు.

ఈ లెక్కలు 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల్లోవి. అవే నిబంధనలు మోడల్ విమానాలకు ఒక వెసులుబాటు కూడా ఇచ్చాయి. బరువు 25 కిలోలు మించకుండా, కంటికి కనిపించే దూరంలోనే, చదువుకో పరిశోధనకో సరదాకో ఎగరేసే మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకాశం హద్దులు మాత్రం అందరికీ ఒకటే. ఇక్కడ ఎలాంటి విన్యాసం సాధ్యం, ఏది కాదు అన్నది ఈ హద్దులే తేలుస్తున్నాయి.

విన్యాసం అనగానే చాలామంది గిరగిరా తిప్పడం అనుకుంటారు. అందుకు పెద్ద నేర్పు అక్కర్లేదు. విమానాన్ని పక్కకు పొర్లించే ఐలరాన్ స్టిక్‌ను పూర్తిగా పక్కకు నెడితే చాలు, విమానం బొంగరంలా తిరుగుతుంది. కష్టమంతా నెమ్మదిగా తిప్పడంలో ఉంది. స్లో రోల్‌నే చూడండి. విమానం మన ముందు నుంచి తిన్నగా పోతూ కుడివైపు ఒక్కసారి పొర్లాలి. పొర్లినంతసేపూ దాని దారి గీత గీసినట్టు ఉండాలి, ఎత్తు తగ్గకూడదు, పక్కకు జరగకూడదు. పావు వంతు తిరిగేసరికి రెక్కలు నిలువుగా నిలబడతాయి. అప్పుడు రెక్కలు మోయవు కాబట్టి ముక్కు వాలకుండా తోక మీది నిలువు పలకతో, అంటే ఎడమ రడ్డర్‌తో పట్టుకోవాలి. సగం తిరిగాక విమానం తలకిందులవుతుంది. రడ్డర్ వదిలి, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ స్టిక్‌ను ముందుకు నెట్టాలి, లేదంటే ముక్కు నేల చూస్తుంది. ముప్పావు దగ్గర కుడి రడ్డర్. ఆ తర్వాత రెండూ మెల్లగా వదిలేస్తూ మామూలు స్థితికి రావాలి. ఇదంతా నాలుగైదు సెకన్ల పని. ఐలరాన్ మీది బొటనవేలు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒత్తిడి మీద కదలకుండా ఉండాలి, మిగతా సవరింపులన్నీ దాని చుట్టూ సాగాలి. చూసేవాళ్లకు ఏ సవరింపూ కనిపించకపోతేనే రోల్ కుదిరినట్టు.

కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్‌కు లేని చిక్కు ఇంకోటి ఉంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి, మన కుడి ఒకటే. తిరిగి మన వైపు వస్తున్నప్పుడు రెండూ తారుమారవుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సీనియర్లు చెప్పే చిట్కా ఒకటుంది: ‘వచ్చేటప్పుడు ఏ రెక్క వాలితే స్టిక్ అటే నెట్టు.’ వాలిన రెక్క కింద కర్ర పెట్టి లేపుతున్నట్టు ఊహించుకోమంటారు. కొన్నాళ్లకు ఆ ఊహ అవసరం ఉండదు, వేలికే తెలుస్తుంది. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద ఈ ఒక్కటీ ఒంటబట్టించుకున్నాకే మైదానానికి రావడం మేలు.

ఈ విద్యకు ప్రపంచ పోటీలు 1960 నుంచి ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో జరిగిన మొదటి పోటీలో అమెరికాకు చెందిన ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచారు. ఆ వరసలోదే నేటి ఎఫ్‌3ఏ విభాగం. విమానం రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఐదు కిలోల బరువు మించకూడదు. పైలట్‌కు సుమారు 150 మీటర్ల దూరంలో, ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీల హద్దులో ఎగరాలి. ఒక్కో విన్యాసానికి పదికి ఇన్ని మార్కులని వేసి, దాని కష్టాన్ని బట్టి హెచ్చవేస్తారు. లూప్ గుండ్రంగా లేకపోయినా, రోల్ మధ్యలో కుంగినా మార్కులు పోతాయి.

ఆ హద్దును కొలిచి చూస్తే మన ఇబ్బంది తెలుస్తుంది. 150 మీటర్ల దూరంలో ఆ చట్రం వెడల్పు దాదాపు 520 మీటర్లు, ఎత్తు 260 మీటర్లు, అంటే 850 అడుగులు. శంషాబాద్ పరిసరాల్లో దొరికే 200 అడుగులకు నాలుగు రెట్లకు పైనే. 12 కిలోమీటర్లు దాటి చేవెళ్ల వైపో కడ్తాల్ వైపో పోయినా, 400 అడుగుల్లో సగం చట్రం కూడా పట్టదు. అదే 60 డిగ్రీల కోణాన్ని 200 అడుగుల కిందికి కుదిస్తే విమానం పైలట్‌కు 35 మీటర్ల దూరంలోనే తిరగాలి. అంత దగ్గరలో ఐదు కిలోల విమానాన్ని వేగంగా నడపడం ప్రమాదం. అక్కడ సరిపోయేది కిలో లోపు ఫోమ్ విమానమే.

అందుకే ఇలాంటి చోటికి నప్పేది త్రీడీ పద్ధతి. దీనికి వేగం అక్కర్లేదు, బరువును మించిన లాగుడు కావాలి. మోటారు తన విమానం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగితే దాన్ని ముక్కు పైకి పెట్టి గాలిలో నిలబెట్టొచ్చు. ఇదే హోవర్. అప్పుడు రెక్కల మీదుగా ఎదురుగాలి దాదాపు పారదు. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి తోక మీద పడుతుంది, పైలట్ చేతిలో ఉన్న పట్టు చాలావరకు అదే. ఎగిరేది మూడు మీటర్ల ఎత్తులో, తప్పు దిద్దుకోవడానికి దొరికేది అర సెకను. ప్రొపెల్లర్ ఒకవైపు తిరుగుతుంటే విమానం ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. తిరగనిస్తే టార్క్ రోల్. వీపు మన వైపున్నంతసేపు రడ్డర్ ఎడమ అంటే ఎడమే. పొట్ట మన వైపు రాగానే అది తారుమారు, ముక్కు ఎటు వాలితే స్టిక్ అటు నెట్టాలి. తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఈ మార్పు ఆగకుండా జరుగుతుంది. నా దృష్టిలో ఈ విద్య మొత్తంలో ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. శంషాబాద్ రన్‌వేలు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన, తూర్పు పడమరలుగా ఉన్నాయి. 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సముద్రమట్టపు ప్రామాణిక గాలికంటే 15 శాతం దాకా పలచన. డిసెంబరు పొద్దున హాయిగా హోవర్‌లో నిలిచిన విమానం ఏప్రిల్ మధ్యాహ్నం థ్రాటిల్ ఇంకాస్త అడుగుతుంది, లిపో బ్యాటరీ వేడెక్కుతుంది. వానాకాలం గాలి పడమర నుంచి వీస్తుంది, కాబట్టి మోడల్ విమానాల పట్టీ కూడా తూర్పు పడమరలుగానే ఉండాలి. పైలట్ దక్షిణపు అంచున నిలబడి ఉత్తరం చూస్తే ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ వీపు మీద పడుతుంది. సూర్యుడికి అడ్డంగా పోయిన విమానం ఒక్క క్షణం నల్లటి మచ్చ అయిందంటే, అది తలకిందులుగా ఉందో నిటారుగా ఉందో ఎవరూ చెప్పలేరు.

ఇన్ని చిక్కులున్నా ఈ విద్య నేర్చుకునేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది, హైదరాబాద్ చుట్టూ ఏరోనాటికల్ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. విమానం గరిమనాభి (సీజీ) ఎక్కడుండాలో పుస్తకంలో చదివిన విద్యార్థి, బ్యాటరీని ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి ఎగరేస్తే ఎలివేటర్ ఎంత చురుకవుతుందో తన వేళ్లతో తెలుసుకుంటాడు. అది ఏ ప్రయోగశాలా ఇంత చవగ్గా నేర్పదు.

వీళ్లకు కావలసింది పెద్దదేమీ కాదు. 12 కిలోమీటర్ల అవతల, ఉత్తరాన ఇళ్లూ రోడ్లూ లేని చోట, వంద మీటర్ల చదునైన పట్టీ. నెలలో రెండు ఆదివారాలు పొద్దున కొన్ని గంటలు 850 అడుగుల దాకా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి. ఫోన్ రాగానే అన్ని విమానాలనూ దింపించే బాధ్యత ఉన్న ఒక మనిషి. 400 అడుగుల పైన అనుమతి అడగడానికి దారి నిబంధనల్లోనే ఉంది. ఆ దారిని ఒక్కో కుర్రాడు ఒంటరిగా వెతుక్కునే బదులు, కాలేజీలూ ఎన్‌సీసీ కలిసి ఒక్క దరఖాస్తు పెడితే ఈ చలికాలంలోనే మొదలుపెట్టొచ్చు.