మట్టల బూడిద

మట్టల ఆదివారం నాడు చర్చిలో చేతికిచ్చిన ఈతాకును చాలా ఇళ్లలో సిలువలా మడిచి గోడమీది పటం వెనక దోపుతారు. ఏడాది తిరిగేసరికి అది ఎండిపోయి ముట్టుకుంటే పెళపెళమంటుంది. భస్మ బుధవారం దగ్గరపడితే గుడివాళ్లు వాటిని తెచ్చివ్వమంటారు. మూకుడులో వేసి కాల్చి, చల్లారాక పలచని గుడ్డలో జల్లిస్తే మెత్తటి నల్లబూడిద మిగులుతుంది. అందులో నీళ్లు కలిపేటప్పుడు ఒళ్లు దగ్గరపెట్టుకోవాలి. బూడిదనీళ్లకు క్షారగుణం ఉంటుంది, నుదురు చురుక్కుమంటుంది. నిరుడు హోసన్నా అంటూ ఊపిన మట్టే ఈసారి, ఏదో ఒకనాడు మట్టిలో కలిసేవాళ్లమేనని నుదుటిమీద రాసిపెడుతుంది.

ఆ రోజు పూజలో ఒక తమాషా ఉంది. చదివేది మత్తయి సువార్త 6వ అధ్యాయం. ఉపవాసమున్నట్టు పదిమందికీ తెలియనివ్వొద్దు, మొహం కడుక్కో అని అందులో యేసు చెబుతాడు. అది విన్న కాసేపటికే అందరూ నుదుట బూడిదతో బజార్లోకొస్తారు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. ఆ గుర్తు నేను భక్తుణ్ణని చెప్పుకోవడానికి కాదు, పాపినని ఒప్పుకోవడానికి. అందులో గొప్పకు చోటెక్కడ?

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా సాగే ఈ కాలాన్ని కేథలిక్కులు తపస్సు కాలం అంటారు. సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో శ్రమ దినాలనే మాట ఎక్కువ వినిపిస్తుంది. మొదటి పేరు మనం చేయాల్సినదాన్ని చెబుతుంది, రెండోది యేసు పడినదాన్ని. గట్టిగా గీత గీయలేం గానీ, ఆచారాల్లోనూ ఆ తేడా కొంత ఉంది. కేథలిక్ గుళ్లలో శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గం ఉంటుంది. 14 స్థలాల దగ్గరా ఆగి, మోకరించి, లేచి నడుస్తారు. పెద్దవాళ్ల మోకాళ్లకు అదే అసలు తపస్సు. అటువైపు ఇళ్లలో కూడికలు, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువమీది ఏడు మాటలపై ప్రసంగాలు. బ్రదరెన్ వంటి సంఘాలు ఈ కాలాన్ని ప్రత్యేకంగా పాటించవు.

నలభై రోజులంటారు గానీ క్యాలెండర్ చూస్తే 46 వస్తాయి. 2026లో ఫిబ్రవరి 18న భస్మ బుధవారం, ఏప్రిల్ 5న ఈస్టర్. నడుమ పడే 6 ఆదివారాలను తీసేయాలి. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు. అరణ్యంలో యేసు గడిపిన నలభై రోజులకు లెక్క అలా సరిపోతుంది.

కేథలిక్ నియమం మనం అనుకునేంత కఠినమేమీ కాదు. ఉపవాసం తప్పనిసరి అయ్యేది భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులే. అదీ 18 నుంచి 59 ఏళ్లలోపు వాళ్లకు. ఒకపూట కడుపునిండా తిని, మిగతా రెండు పూటలా కొద్దిగా సరిపెట్టుకోవచ్చు. శుక్రవారాలు మాంసం మానాలి, చేపకు అడ్డులేదు. ఇక్కడే మన నాలుక కిటుకు కనిపెట్టేసింది. కోడికూర మానేసి, అంతకు రెట్టింపు ధర పెట్టి తెచ్చిన కొరమీనుతో పులుసు పెట్టుకుంటే అది తపస్సా, విందా? ఒకటి మానుకుంటే మిగిలిన డబ్బు ఎటు పోయిందన్నదే అసలు లెక్క. ఉపవాసం, ప్రార్థన, దానం మూడూ కలిస్తేనే ఈ వ్రతం. దానం తీసేస్తే మిగిలేది ఒళ్లు తగ్గించుకునే పథ్యం. వండేముందు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. చూడ్డానికి పిడికెడే. నలభై రోజులకు డబ్బా బరువెక్కుతుంది.

గుడి కూడా ఉపవాసం ఉంటుంది. పీఠంమీద పూలుండవు, గురువు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటాడు, అల్లెలూయా అన్న మాటే వినపడదు. గుడ్ ఫ్రైడే ముందటి పవిత్ర గురువారం నుంచి గంట కూడా మూగబోతుంది; కొన్నిచోట్ల దాని బదులు చెక్క గిలక కొడతారు, టకటకమని. శనివారం రాత్రి జాగరణలో చీకటి గుడిలోకి ఒక్క కొవ్వొత్తి వస్తుంది. దాన్నుంచి పక్కవాడి కొవ్వొత్తి, అక్కణ్ణుంచి మరొకటి. గ్లోరియా స్తుతిగీతం ఎత్తుకోగానే ఆగిన గంటలన్నీ ఒక్కసారి మోగుతాయి, బల్లలమీద నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. తెల్లారేసరికి మాంసం కొట్ల ముందు వరస.