వీడియో గేములు: ఓటమి విలువ, ఓటమి వెల

వీడియో గేముల మీద విమర్శ రాయడం అభ్యుదయ సాహిత్య పత్రిక చేయవలసిన పనేనా అని కొందరు మిత్రులు సందేహించవచ్చు. ఇటువంటి సందేహం కొత్తది కాదు. నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని బెంగపడ్డ పెద్దమనుషులు వొకప్పుడు వున్నారు. సినిమాను కళగా గుర్తించడానికి పండితులు చాలాకాలం వొప్పుకోలేదు. ఈనాడు మన కాలేజీల్లో చదివే కుర్రవాళ్లలో నెలకొక నవల చదివేవాళ్లు తక్కువే గాని, ఫోను మీద ఏదో ఒక ఆట ఆడనివాళ్లు అంతకంటే తక్కువ. వాళ్ల ఓర్పునూ కోపాన్నీ ఆశనూ మలుస్తున్న వస్తువును గురించి మనం మాట్లాడకపోతే, దాన్ని అమ్మేవాడొక్కడే మాట్లాడతాడు.

ఈ ఆటలు నేనూ ఆడతాను. కొన్ని చాలా నచ్చాయి, కొన్ని ప్రాణం విసిగించాయి. ఇక్కడ చెప్పబోయేవి నా సొంత అభిరుచులే. అయితే అభిరుచి ఆకాశంలోంచి వూడిపడదు గదా. ఎందుకు నచ్చింది, ఎందుకు విసుగు పుట్టింది అని నిలదీసుకుంటే నాకు ఒక సంగతి తేలింది. నన్ను విసిగించిన ఆటలన్నీ నన్ను ఓడించాయి. నాకు బాగా నచ్చిన ఆటలు కూడా నన్ను ఓడించాయి. కనుక తేడా గెలుపులో లేదు, ఓటమి స్వభావంలోనే వున్నది. ఆ తేడాను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. నవలలో వస్తువు కథలోనూ పాత్రల్లోనూ వుంటుంది. ఆటలో వస్తువు ప్రధానంగా నియమాల్లో వుంటుంది. మన వైకుంఠపాళీనే చూడండి. పాపాలు పాములు, పుణ్యాలు నిచ్చెనలు. పైకి చూస్తే అది నీతిపాఠం. కాని ఆడేవాడికి పుణ్యం చేసే అవకాశమే లేదు; గవ్వలు ఎలా పడితే అలా నడవాలి. పటం మీద రాసింది నీతి, నియమం నేర్పింది తలరాత. ఏ ఆటనైనా సరే దాని బొమ్మలను చూసి కాక, అది మన చేత ఏ పని చేయిస్తున్నదో చూసి అంచనా కట్టాలి.

ఆ పని ఎందుకోసమన్నది కూడా చూడాలి. అమెరికాలో లిజీ మేగీ అనే ఆమె 1904లో ‘లాండ్‌లార్డ్స్ గేమ్’ అనే పటం ఆటకు పేటెంటు పొందింది. భూమి మీద అద్దె ఎలా కొద్దిమంది చేతుల్లో పోగుపడి తక్కినవాళ్లను దివాలా తీయిస్తుందో జనానికి తెలియచెప్పడం ఆమె ధ్యేయం. ఆ ఆట రూపాలు మారుతూ చివరకు 1935లో ‘మొనాపలీ’ పేరుతో ఒక పెద్ద కంపెనీ సరుకయింది. కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనుక్కున్నది. ఆమె హెచ్చరికగా చూపించిన దాన్ని కోట్లాదిమంది కుటుంబాలు సరదాగా సాధన చేశాయి. పక్కవాణ్ణి దివాలా తీయించడమే గెలుపయింది.

ఇక నాకు నచ్చిన ఆటల సంగతి. మొదటిది ‘టెట్రిస్’. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారుచేశాడు. నాలుగేసి గడులతో ఏర్పడే ఏడు రకాల ముక్కలు పైనుంచి పడుతూ వుంటాయి. వాటిని తిప్పి, సందుల్లేకుండా వరస నింపితే ఆ వరస మాయమవుతుంది. పోను పోను వేగం పెరుగుతుంది. చివరకు ముక్కలు పైదాకా పేరుకుపోతాయి. మామూలుగా ఆడేవాడికి అంతిమ విజయమన్నది లేదు. ఎంతసేపు నిలబడ్డాడన్నదే లెక్క.

అయినా ఈ ఓటమి నన్ను ఎన్నడూ అవమానించలేదు. పేరుకున్న కుప్పను చూస్తే నేను ఎక్కడ తొందరపడ్డానో, ఏ సందును నిర్లక్ష్యంగా వదిలేశానో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. నియమం అందరికీ ఒక్కటే. నా కళ్లూ చేతులూ మెరుగుపడితే తప్ప నా గతి మెరుగుపడదు. తన శ్రమ ఫలితాన్ని తానే చూసుకోగలిగిన పనివాడి తృప్తి ఇందులో వున్నది. ఇంత చక్కని వస్తువును తయారుచేసిన మనిషికి మాత్రం 1996 దాకా అందులో వాటా రాలేదు. సోవియట్ కాలంలో హక్కులు ప్రభుత్వ సంస్థ చేతిలో వుండగా, విదేశీ కంపెనీలు ఆ హక్కుల కోసం కోర్టులకెక్కాయి. ఈ చరిత్ర మనకు సుఖంగా లేకపోయినా చెప్పుకోవలసిందే.

రెండవది, నా దృష్టిలో వీటన్నిటిలో ఉత్తమమైనది, ‘పేపర్స్, ప్లీజ్’. లూకస్ పోప్ అనే అమెరికన్ దాదాపు ఒంటరిగా తయారుచేసి 2013 ఆగస్టులో విడుదల చేశాడు. 1982లో ఆర్‌స్టోట్స్కా అనే కల్పిత దేశం. ఆడేవాడు సరిహద్దు చౌకీలో గుమాస్తా. లాటరీలో ఆ ఉద్యోగం దొరికింది. వరసలో వచ్చేవాళ్ల పాస్‌పోర్టులూ పర్మిట్లూ చూసి ముద్ర వేయాలి. సరిగా తేల్చిన మనిషికి ఇంత అని కూలి. రోజు ముగిశాక ఇంటి అద్దె, తిండి, చలిమంటలకు ఖర్చు లెక్క చూసుకోవాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. రోజురోజుకూ కొత్త నిబంధనలు, కొత్త కాగితాలు. బల్ల మాత్రం అంతే ఇరుకు.

అయిదవ రోజున ఒక భర్త వస్తాడు. అతని కాగితాలు సరిగానే వుంటాయి. వెనక తన భార్య వస్తున్నదని, దయచూడమని అడుగుతాడు. ఆమెకు పర్మిట్ లేదు. వెనక్కి పంపితే చంపేస్తారని బతిమాలుతుంది. రోజుకు రెండు తప్పులు హెచ్చరికతో పోతాయి, ఆపైన కూలి కోస్తారు. నా విద్యార్థి ఒకడు ఈ ఆట ఆడి, మరునాడు నా గదికి వచ్చాడు. “ఆమెను వెనక్కి పంపేశాను సార్. అప్పటికే రెండు తప్పులయినాయి. ఇంట్లో పిల్లాడికి మందు కొనాలి గదా” అన్నాడు. కొంతసేపు వూరుకుని, “నేనలాంటి వాణ్ణి కాననుకున్నాను” అన్నాడు. పీస్‌వర్కు కూలి పనివాడి చేతనే పనివాణ్ణి ఎలా తరుముతుందో, ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్సు ఒక అధ్యాయం కేటాయించి చెప్పాడు. ఆ అధ్యాయాన్ని నేను ఆ కుర్రవాడికి అంతకు ముందే రెండుసార్లు బోధించి వున్నాను. అతనికి అది ఆ రోజే అర్థమయింది.

ఇక్కడ మన మిత్రుల నుంచి ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ జెండాలూ ఆ బూడిదరంగు గోడలూ తూర్పు యూరప్ సోషలిస్టు రాజ్యాలను గుర్తుచేస్తున్నాయి గదా, ఇది సోషలిస్టు వ్యతిరేక ప్రచారం కాదా అంటారు. ఆ పోలిక వున్న మాట నిజమే. దాన్ని దాచి ఆటను పొగడడం నిజాయితీ కాదు. కాని ఆ బల్ల వెనక కూర్చున్నవాడు చేసే పని ఏ ఒక్క వ్యవస్థకూ సొంతం కాదు. ఈనాడు సంపన్న దేశాల సరిహద్దుల్లో కాందిశీకుల కాగితాలు చూసేవాడు చేస్తున్నదీ అదే పని. మన పేరు పెట్టుకున్న రాజ్యాలు మనిషిని కాగితం కంటే తక్కువగా చూసిన సందర్భాలు లేవని మనం అనలేము. ఎదుటివాడి చౌకీని మాత్రమే చూడగలిగే విమర్శ విమర్శ కాదు, అదీ ఒక చౌకీయే.

ఈ ఆటలో విసుగు వున్నది. చేతులు తడబడతాయి, కాగితాలు కలిసిపోతాయి, పొద్దు గడిచిపోతుంది. కాని ఆ విసుగే ఇక్కడ వస్తువు. దాన్ని తొలగిస్తే చెప్పదలచిన విషయమే పోతుంది.

మూడవ ఆట ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో దీన్ని పూర్తిచేశాడు. జోజా అనే కంపెనీలో గుమాస్తాగా విసిగిపోయినవాడు తాతగారి పొలానికి చేరుకుంటాడు. చేతిలో 500 నాణేలు, పదిహేను విత్తనాలు. సాయంత్రం పంటను ఇంటి ముందున్న పెట్టెలో వేస్తే తెల్లవారేసరికి డబ్బు వస్తుంది. కౌలు లేదు, అప్పు లేదు, దళారి లేడు. నీళ్లు పోస్తే పంట పండుతుంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల పక్కన పడుకుని ధర కోసం ఎదురుచూసిన రైతు ఈ ఆటను చూస్తే నవ్వుకుంటాడు.

అయినా ఈ ఆట నాకు ఇష్టమే. దీన్ని పలాయనవాదమని కొట్టిపారేయడం తేలిక. కాని పారిపోయేవాడు దేన్నుంచి పారిపోతున్నాడో, ఎటు పోదలిచాడో చూడాలి. తాను చేసిన పని ఫలితం తన చేతికి రావాలన్న కోరిక దీనికి మూలం. ఆ కోరిక మనదే. నా ఫిర్యాదు వేరే వున్నది. ఆ వూళ్లో శిథిలమైన సామూహిక భవనాన్ని బాగుచేయాలంటే కథానాయకుడు ఒక్కడే సరుకులు తెచ్చి అడవి దేవతలకు సమర్పించాలి. లేదా 5000 నాణేలు కట్టి జోజాలో చేరితే, ఆ భవనం కంపెనీ గిడ్డంగి అయిపోతుంది. వూరి జనం కలిసి పనిచేసే మూడో దారి లేదు. కంపెనీకి ఎదురు నిలిచేది ఒక్కడి మంచితనమే. ఈ ఆటలో ఓటమి దాదాపు లేదు. అందుకనే పోరాటమూ లేదు.

ఇక నన్ను విసిగించిన జాతి. అంగడిలో ఉచితంగా దొరికే రంగుల ముక్కల ఆటలు ఫోన్ల నిండా వున్నాయి. 2012లో వచ్చిన ‘కాండీ క్రష్ సాగా’ ఈ జాతిలో పేరుపడ్డది. అందులో అయిదు ప్రాణాలు. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు ఇవ్వవచ్చు. ఆ ఆటను తయారుచేసిన కంపెనీని 2016లో 590 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ సొమ్ము ముక్కల రంగులకు పెట్టిన ధర కాదు. మన అరగంటలకు పెట్టిన ధర.

ఇదే జాతికి చెందిన వేరొక ఆటను, పరీక్షపేపర్లు దిద్దే రోజుల్లో, రాత్రి పొద్దుపోయాక నేను ఆడుతూ వచ్చాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒకచోట పదకొండు రోజులు ఆగిపోయాను. ప్రతిసారీ ఒక్క ముక్క తక్కువ. చివరకు డబ్బు కట్టాను, దాటాను. మళ్లీ రెండుసార్లు కట్టాను. దాటినప్పుడు సంతోషం కలగలేదు. టెట్రిస్‌లో ఓడినప్పుడు నా తప్పు నాకు కనబడింది. ఇక్కడ గెలిచినప్పుడు కూడా నేను చేసిందేమీ కనబడలేదు. అక్కడ ఓటమికి విలువ వున్నది, ఇక్కడ ఓటమికి వెల మాత్రమే వున్నది. ముందు అడ్డంకిని తయారుచేసి, ఆ తర్వాత దాన్ని తీసేయడానికి డబ్బు పుచ్చుకునే పద్ధతికి దారి సుంకం అని పేరు.

డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అప్పులపాలయిన కుటుంబాలను చూసినవాళ్లు దీన్ని కాదనలేరు. అయితే చట్టం గురి జూదం మీద. తిరిగి ఒక్క పైసా వస్తుందన్న ఆశ కూడా చూపకుండా, విసుగునే సరుకు చేసి అమ్మే వ్యాపారం దాని చేతికి చిక్కదు. ఆ పని విమర్శ చేయాలి.

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో షికాగో కార్మికులు ప్రాణాలిచ్చారు. మిగిలిన గంటల్లో కొన్నయినా మనిషి తనకోసం బతకాలన్నది వాళ్ల కోరిక. ఆ గంటలను అరగంటల చొప్పున ముక్కలు చేసి తిరిగి మనకే అమ్ముతున్నారు. ఆడవద్దని విద్యార్థులను కేకలు వేసినందువల్ల ఆ గంటలు తిరిగి రావు. నేను కేకలు వేసి చూశాను, ఆ రాత్రే వెళ్లి ఆడాను కూడా. మనం అధ్యాపకులం వాళ్లతోపాటు కూర్చుని, ఈ ఆట నీచేత ఏం చేయిస్తున్నది, నువ్వు ఓడినప్పుడు ఎవడు బాగుపడుతున్నాడు అని అడగడం మొదలుపెట్టాలి. ఆ కుర్రవాడు నా గదికి వచ్చి చెప్పిన నాలుగు మాటలూ మంచి విమర్శే. అవి రాసి తీసుకురమ్మన్నాను. తెస్తే ఈ పత్రికకే పంపుతాను.