పొయ్యి మీద అన్నం, చేతిలో జపమాల

జపమాల మొత్తం చెప్పుకోవడానికి ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు దొరకడమే ఇల్లాలికి గగనం. పొద్దుగూకాక పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. పెద్దవాడికి తెల్లారితే పరీక్ష. చిన్నది నిద్రకు తూలుతుంటుంది. ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. అత్తగారు సీరియల్ వేళయిందని గడియారం వంక చూస్తుంటారు. భక్తికి ఇంతకంటే పనికిరాని సమయం ఇంకొకటి ఉండదనిపిస్తుంది. అయినా తరతరాలుగా కతోలిక ఇళ్లలో ప్రార్థన నడిచింది ఎక్కువగా ఈ వేళలోనే, నడిపించింది ఎక్కువగా అమ్మే.

అది ఎలా సాధ్యపడిందో తెలియాలంటే జపమాల కూర్పు చూడాలి. మధ్యయుగాల ఐరోపాలో మఠాల్లోని సన్యాసులు దావీదు కీర్తనలు 150 లాటిన్‌లో చదువుకునేవారు. చదువురాని రైతులకూ వాళ్ల ఆడవాళ్లకూ ఆ వీలు లేదు. వాళ్లు తమకు నోటికొచ్చిన చిన్న జపాన్నే 150 సార్లు చెప్పుకుంటూ, లెక్క తప్పకుండా పూసలు పట్టుకున్నారు. కాలక్రమంలో అదే జపమాలగా కుదురుకుంది. రోజుకు ఐదు దేవరహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవితంలో ధ్యానించే ఘట్టాలు. ఒక్కోదానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. సోమ, శనివారాల్లో యేసు పుట్టుక, బాల్యం. మంగళ, శుక్రవారాల్లో సిలువ పాట్లు. బుధ, ఆదివారాల్లో పునరుత్థాన మహిమ. గురువారం చెప్పే వెలుగు దేవరహస్యాలను మాత్రం 2002లో రెండవ జాన్ పాల్ పోపు కొత్తగా చేర్చారు.

ఇందులో నోటికి ఒక పని, వేళ్లకు ఒక పని, మనసుకు ఇంకో పని. నోటికి కొత్తగా వెతుక్కోవాల్సిన మాట లేదు. వేళ్లకు లెక్క తెలుసు. ఇక మనసు ఆ రోజు దేవరహస్యం మీద నిలబడొచ్చు, నిలబడకపోనూ వచ్చు. మధ్యలో పాలు పొంగితే లేచి వెళ్లొచ్చు; ఎక్కడ ఆగిందీ వేళ్ల మధ్య పూసే చెబుతుంది. ధ్యాస చెదిరితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమనే సాధనలు ఉన్నాయి. జపమాల అలాంటిది కాదు, ధ్యాస చెదరడాన్ని ముందే లెక్కలో వేసుకుంది. తల్లులు దీన్ని వదలకుండా పట్టుకోవడానికి భక్తి ఎంత కారణమో, ఈ వెసులుబాటూ అంతే కారణం.

ఇంట్లో అందరూ కలిసి చెప్పుకునేటప్పుడు ఐదు దేవరహస్యాలనూ ఐదుగురికి పంచుతారు. ఒకరు సగం జపం అందిస్తే మిగతావాళ్లు సగం అందుకుంటారు. ఆరేళ్ల పిల్లకు తన వంతు రావడం అంటే చిన్న విషయం కాదు. చాప మీద సర్దుకుని కూర్చుని, గొంతు పెంచి, పది చెప్పాల్సిన చోట ఎనిమిదికే త్రిత్వ స్తోత్రం ఎత్తుకుంటుంది. నాయనమ్మ కళ్లు తెరవకుండానే రెండు వేళ్లు చూపిస్తుంది. పిల్ల నాలుక కరుచుకుని ఆ రెండూ పూర్తిచేస్తుంది. అన్న నవ్వితే అమ్మ మోచేత్తో పొడుస్తుంది. జ్ఞానోపదేశం పుస్తకంలో పది పేజీలు చదివించినా, నలుగురి ముందు ప్రార్థన నడిపించే ఆ ధైర్యం రాదు.

అసలు విలువైన ఘట్టం ఇంకొకటి ఉంది. ప్రతి దేవరహస్యానికి ముందు ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో పైకి చెబుతారు. కువైట్‌లో ఉన్న బాబాయికి పని దొరకాలని ఒకరు, ఎదురింటి అవ్వకు కంటి ఆపరేషన్ సవ్యంగా జరగాలని ఒకరు. నాన్న అప్పు సంగతి, అక్క సంబంధం కుదరని సంగతి చాలాసార్లు పిల్లల చెవిన పడేది ఇక్కడే. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేని మాట దేవుడికి చెబుతున్నట్టుగా ఇంటివాళ్లకు చెప్పుకోవచ్చు. పొద్దున పోట్లాడిన అన్నదమ్ములు రాత్రి ఒకరి పరీక్ష కోసం ఒకరు మనవి చేయాల్సి వస్తే, ఆ పోట్లాట మర్నాటిదాకా నిలవడం కష్టం.

కుటుంబం ఒక చిన్న శ్రీసభ, అంటే చిన్న క్రైస్తవ సంఘం, అన్న భావన తొలి శతాబ్దాల గురువుల ఉపదేశాల్లోనే ఉంది. 1964లో రెండవ వాటికన్ మహాసభ ఒక పత్రంలో దానికి మళ్లీ చోటిచ్చి, పిల్లలకు విశ్వాసాన్ని మొదట అందించేది తల్లిదండ్రులేనని స్పష్టంగా చెప్పింది. ఇది ఉత్త మర్యాద మాట కాదు. పడుకోబోయే పిల్లల నుదుట అమ్మ బొటనవేలితో వేసే సిలువ గుర్తు శ్రీసభ లెక్కలో నిజమైన ఆశీర్వాదమే. దానికి గురుపట్టం అక్కర్లేదు. తల్లిదండ్రులు పిల్లలను ఆశీర్వదించే క్రమం అధికారిక ఆశీర్వాదాల గ్రంథంలోనే ఉంది. పుట్టగానే ఊపిరి అందని పసికందుకు, గురువు వచ్చేదాకా ఆగలేని స్థితిలో, తల్లి అయినా నర్సు అయినా తల మీద నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. శ్రీసభ ఉద్దేశంతో, జ్ఞానస్నానపు మాటలు పలికి ఇస్తే, ఇచ్చింది క్రైస్తవేతరులైనా అది చెల్లుతుంది. పీఠాల మీద మగవాళ్లే కూర్చునే ఈ మతంలో, అత్యంత ముఖ్యమైన సంస్కారాన్ని అత్యవసరంలో మంత్రసాని చేతికి అప్పగించారన్న సంగతి చాలామంది కతోలికులకే గుర్తుండదు.

రోజుకు జపమాల ఉన్నట్టే ఏడాదికి పండుగల చక్రం ఉంది. అది తిరిగేది కూడా వంటింటి చుట్టూనే. విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలవుతుంది. శుక్రవారాలు మాంసం మానాలి. ఈ నియమం పద్నాలుగేళ్లు నిండినవారందరికీ. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం. అది పద్దెనిమిది నిండినప్పటి నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యేదాకా. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మినహాయింపు. నియమాలు ఇంతే. నలభై రోజులు ఇంటిల్లిపాదినీ వాటికి ఒప్పించడం, మానిన కూర డబ్బు ఒక డబ్బాలో వేయించి పేదవాళ్లకు చేర్చడం, సాయంత్రం సిలువ మార్గానికి పిల్లలను గుడికి తీసుకెళ్లి పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరించేలా చూడటం అమ్మ పని. పిల్లవాడు స్నేహితుడి ఇంట్లో శుక్రవారం చికెన్ తిని వస్తే ఏమనాలో ఏ ధర్మశాస్త్రంలోనూ రాసి లేదు.

డిసెంబరులో అమ్మ ఒక చిన్న కిటుకు వాడుతుంది. 1223లో ఇటలీలోని గ్రేచోలో అస్సీసి ఫ్రాన్సిస్ నిలబెట్టిన క్రీస్తు పుట్టుక దృశ్యమే క్రిస్మస్‌కు ఇళ్లలో కట్టే పశువుల పాకకు మూలం అంటారు. పాకలో మరియమ్మ, జోజప్ప, గొర్రెలు అన్నీ వారం ముందే చేరతాయి. బాలయేసు బొమ్మ మాత్రం చాలా ఇళ్లలో 24వ తేదీ అర్ధరాత్రిదాకా బీరువాలోనే ఉంటుంది. ఖాళీ పశువుల తొట్టిని చూసి చిన్నపిల్లలు రోజూ అడుగుతారు. అరిసెల పాకం పడుతూ అమ్మ రోజూ అదే జవాబు చెబుతుంది. ఆగమన కాలం గురించి గుడిలో నాలుగు ఆదివారాలు ప్రసంగం విన్నా, ఎదురుచూడటం అంటే ఏమిటో ఆ పిల్లలకు ఇంత బాగా పట్టుబడదు.

విజయవాడ గుణదల కొండకు ఫిబ్రవరిలో వచ్చే జనాన్ని చూస్తే, ఈ ఇంటి భక్తి ఎంత స్థానికంగా స్థిరపడిందో తెలుస్తుంది. 1924లో ఆర్లాటి అనే గురువు అక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. లూర్దుమాతగా ఆమె పండుగ ఫిబ్రవరి 11. పండుగ రోజుల్లో చంటిబిడ్డలను చంకనేసుకుని తల్లులు మెట్లెక్కుతారు, కొబ్బరికాయలు కొడతారు, బిడ్డ తలనీలాలు ఇస్తారు. వాళ్లలో కతోలికులు కానివారూ చాలామందే. బిడ్డకు జబ్బు చేసి కోలుకుంటే ఏ తల్లి మొక్కైనా ఒకటే కదా.

ఇలా ఊరి ఆచారం ప్రార్థనలో కలవడం తెలుగునాట మొదలైంది కాదు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన పునీత మోనిక, అక్కడి అలవాటు ప్రకారం వేదసాక్షుల సమాధుల దగ్గరికి అంబలి, రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్లేది. కొడుకు అగస్టీను కోసం మిలాను చేరాక అక్కడా అలాగే వెళితే కావలివాడు ఆపేశాడు. ఆ ఆచారం పీఠాధిపతి అంబ్రోసు కూడదన్నాడని తెలిసి ఆమె మానేసింది. తల్లికున్న అలవాట్లూ పట్టుదలలూ దాచకుండా కొడుకే ఈ సంగతి రాశాడు. ఆమె ఏళ్ల తరబడి ఏడ్చి ప్రార్థించిన ఆ కొడుకు 387లో జ్ఞానస్నానం తీసుకున్నాడు, అదే ఏడాది ఆమె కన్నుమూసింది. ఆమె పండుగ ఆగస్టు 27, అతనిది 28. నవంబరు 2న తెలుగు కతోలికులు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడం చూస్తే మోనికకు ఏమీ కొత్తగా అనిపించదు.

పునీతుల పట్టికలో తల్లులు తక్కువ. కన్యస్త్రీలు, గురువులు, వేదసాక్షులే ఎక్కువ. అందుకే 2015 అక్టోబరులో జెలీ మార్టిన్‌కు, ఆమె భర్త లూయీకి ఒకేసారి పునీత పట్టం ఇవ్వడం విశేషమైంది. దంపతులను జంటగా అలా గౌరవించడం అదే మొదటిసారి. జెలీ ఫ్రాన్స్‌లోని అలెన్‌సోన్‌లో లేసు వ్యాపారం నడిపిన మనిషి. ఆర్డర్లు, పనివాళ్లు, బాకీలు అన్నీ చూసుకునేది. ఆమె వ్యాపారానికి సాయపడటానికి లూయీ తన గడియారాల దుకాణం వదులుకున్నాడు. తొమ్మిది మంది పిల్లల్లో నలుగురు చిన్నప్పుడే పోయారు. మిగిలిన ఐదుగురు ఆడపిల్లలూ కన్యస్త్రీలయ్యారు. చివరి పిల్లే పునీత తెరేజ. రొమ్ము క్యాన్సర్‌తో 1877లో పోయే నాటికి జెలీ వయసు 45. ఆమె ఉత్తరాలు రెండు వందలకు పైగా మిగిలాయి. వాటిలో దర్శనాలు, అద్భుతాలు వెతికితే నిరాశే. పంటి నొప్పి, పనివాళ్ల బెడద, మొండిపిల్ల లియోనీ గురించిన దిగులు, ఇక ఓపిక లేదన్న నిట్టూర్పు ఉంటాయి.

ఆ ఉత్తరాల్లోనే పిల్లల పెంపకం పద్ధతి ఒకటి కనబడుతుంది. తాడు మీద జరిగే పూసలు తెరేజ జేబులో ఉండేవి. ఇష్టమైనది వదులుకున్నప్పుడల్లా ఆ పిల్ల ఒక పూస జరిపేది. నేటికీ కొన్ని కతోలిక ఇళ్లలో, ముఖ్యంగా తపస్సు కాలంలో, ఈ అలవాటు ఉంది. దీని మీద కొంత జాగ్రత్త అవసరం. నాలుగేళ్ల పిల్లకు మంచితనం లెక్క చూపించే పద్దుగా మారితే ప్రమాదమే. పెద్దయ్యాక తెరేజ దేవుడి ముందు ఖాళీ చేతులతో నిలబడతానని రాసుకుంది. పూసల లెక్కను దాటి వచ్చినందుకే అలా రాయగలిగింది.

ఈ సంప్రదాయం మొత్తంలో తప్పు పట్టాల్సింది ఒకటుంది. భారమంతా ఒకరి మీదే పడటం. ప్రార్థనకు పిలిచేది అమ్మ, చాప పరిచేది అమ్మ, జ్ఞానోపదేశం తరగతి గుర్తుచేసేది అమ్మ, పిల్లవాడు గుడికి రానంటే మాట పడేదీ అమ్మే. 2020 లాక్‌డౌన్‌లో గుడులు మూతపడినప్పుడు ఫోన్‌లో దివ్యపూజ పెట్టి అందరినీ దాని ముందు కూర్చోబెట్టిందీ ఎక్కువగా ఆమే. రెండవ జాన్ పాల్ పోపు 1981లో కుటుంబం గురించి రాసిన ఉపదేశ పత్రం పిల్లలతో ప్రార్థించే బాధ్యత తండ్రికీ ఉందని చెప్పింది. జెలీకి ఉదయపు పూజకూ, వ్యాపారానికీ, పిల్లలకూ సమయం మిగిలిందంటే లూయీ దుకాణం వదులుకుని వచ్చినందుకే. ఆ పాఠాన్ని విచారణ గురువులు పురుషుల సమావేశాల్లో గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

జెలీ లాంటి తల్లి కథ తెలుగునాటా ఉంది. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలోని ఫిరంగిపురంలో 1822లో తాటిపత్రి జ్ఞానమ్మ పుట్టింది. పెళ్లయి ఐదుగురు కొడుకులను కన్నది, తర్వాత భర్తను పోగొట్టుకుంది. ఆడపిల్లకు అక్షరం ఎందుకనే 1860ల్లో ఊళ్లో బాలికలకు బడి పెట్టింది. ఆ తర్వాత తెలుగు కతోలిక కుటుంబాలు వలస వెళ్లి స్థిరపడిన, నేటి తమిళనాడులోని కీలచ్చేరికి వెళ్లి అక్కడా ఆడపిల్లలకు చదువు చెప్పింది. 1874లో పునీత అన్నమ్మ పేరిట కన్యస్త్రీల సంఘానికి పునాది వేసి, ఆ ఏడాది డిసెంబరులోనే చనిపోయింది. అన్నమ్మ అంటే మరియమ్మ తల్లి. జ్ఞానమ్మ వారసత్వంగా నేడు రెండు సంఘాలున్నాయి, ఒకటి మద్రాసులో, ఒకటి ఫిరంగిపురంలో. శ్రీసభ జ్ఞానమ్మను దైవసేవకురాలిగా గుర్తించింది. పునీత పట్టానికి ముందు ఇంకా రెండు మెట్లు ఎక్కాలి. తెలుగు నేల నుంచి ఆ పట్టం అందుకున్నవారు ఇంతవరకు ఎవరూ లేరు.