జాజికాయ దాకా వచ్చిన డిజైనర్

సింగపూర్ నేషనల్ మ్యూజియం కోసం 2006లో ఒక భారీ మిరపకాయ తయారైంది. కంచు పోత, పండుమిరప ఎరుపు. పేరు ‘పెడాస్ పెడాస్’. గుంటూరు వైపు నుంచి వెళ్లినవాళ్లు దాని ముందు ఆగిపోతే వింతేమీ లేదు. దాన్ని రూపొందించిన కుమారి నాహప్పన్ తొలి వృత్తి మాత్రం కళ కాదు.

ఆమె 1953లో మలేసియాలోని క్లాంగ్‌లో పుట్టారు. లండన్‌లో ఇంటీరియర్ డిజైన్ చదివి, ఆ పనిలోనే స్థిరపడ్డారు. 1990ల తొలినాళ్లలో, నలభైకి దగ్గరపడుతున్న వయసులో, సింగపూర్ లసాల్ కాలేజీలో మళ్లీ విద్యార్థిని అయ్యారు. ఆ కాలేజీని 1984లో పెట్టిన బ్రదర్ జోసెఫ్ మెక్‌నాలీ కూడా అలాంటివారే. స్కూల్ ప్రిన్సిపల్‌గా రిటైరయ్యాక, అరవై దాటిన వయసులో, ఆ పనికి పూనుకున్న శిల్పి ఆయన.

ఇలాంటి మలుపు గురించి మాట్లాడేటప్పుడు అందరూ వదులుకున్న సంపాదన లెక్క వేస్తారు. అంతకన్నా గట్టి పరీక్ష ఇంకొకటుంది. ఇంటీరియర్ డిజైనర్ పనికి హద్దులు ముందే గీసి ఉంటాయి: గది కొలత, ఇంటివాళ్ల ఇష్టం, బడ్జెట్, అప్పగించాల్సిన తేదీ. ఆ పని వదిలి నైరూప్య చిత్రం మొదలుపెట్టినవారికి ఇవేవీ ఉండవు. పువ్వును గీసేవారు పువ్వు వైపు చూసి తప్పొప్పులు సరిచూసుకుంటారు. ఇక్కడ ఆ ఆసరా కూడా లేదు. ఎక్కడ ఆపాలో చేతికే తెలియాలి.

నైరూప్య చిత్రకళకు ఆద్యుల్లో ఒకరైన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీది కూడా ఇలాంటి మలుపే. ఆయన 1896లో, ముప్ఫై ఏళ్ల వయసులో, న్యాయశాస్త్రం బోధించే ఉద్యోగం కాదని మ్యూనిక్ వెళ్లి బొమ్మలు నేర్చుకున్నారు. అంతకుముందు మాస్కోలో, ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీసిన గడ్డివామి చిత్రం ముందు నిలబడి, కేటలాగ్ చూసేదాకా అదేమిటో పోల్చుకోలేకపోయారు. బొమ్మ మాత్రం మనసులోంచి పోలేదు. వస్తువు గుర్తుపట్టకపోయినా రంగు పట్టుకుంటుందని ఆయనకు అక్కడే తట్టింది.

నాహప్పన్‌ను పట్టుకున్నది ఎరుపు. కాన్వాసు మీద మొదలైన ఆ మోజు బండి గురివింద గింజల దాకా వెళ్లింది. సింగపూర్‌లో వాటిని సాగా గింజలంటారు; చెట్ల కింద రాలినవి పిల్లలు ఏరుకుంటారు. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే, ఆ ప్రాంతాల్లో వీటితో తూచేవారు. గ్రాముకు దాదాపు నాలుగు గింజలు. 2013 సింగపూర్ బినాలేలో ‘అనాహత’ పేరుతో ఆమె ఆ గింజల్నే టన్నుల కొద్దీ రాశిపోశారు. చేతిలో ఒక గింజ ఎర్రటి చుక్క, అంతే. గదిలో పరిచిన గుట్ట ఇంకో సంగతి: చుట్టూ నడవాలి, నేలకూ గోడకూ మధ్య దాని బరువు తెలియాలి. ఆ కొలత చిత్రకారుల బడిలో కన్నా గదులతో గడిపిన ఏళ్లలోనే ఆమెకు అబ్బి ఉంటుంది. కాబట్టి పాత వృత్తిని వదిలేశారనడం సరికాదు. దాన్ని ఆమె వెంట తెచ్చుకున్నారు.

2009లో అయాన్ ఆర్చర్డ్ మాల్ దగ్గర పెట్టిన ఆమె ‘నట్‌మెగ్ అండ్ మేస్’ చూసినా అదే అనిపిస్తుంది. జాపత్రి చుట్టిన జాజికాయ అది. ఆర్చర్డ్ రోడ్డు పక్కన పందొమ్మిదో శతాబ్దంలో జాజికాయ తోటలుండేవి; తెగులు సోకి అవి నాశనమయ్యాయి. ఒక స్థలం చేతికివ్వగానే అక్కడ ఇంతకుముందు ఏముండేదని ఆరా తీయడం డిజైనర్లకు అలవాటు.